బేస్‌మెంటులో పడకగది

మూడేళ్ళ క్రితము అక్టోబరులో ఒక ఆదివారము ఉదయము మా అబ్బాయి అమెరికా నుండి వీడియో కాల్ చేశాడు. ఫోను చేతిలో పట్టుకొని మెట్లు దిగుతూ, "నాయనా, ఇదో చూడు, మీ ఇద్దరికీ రూము ఇక్కడే" అన్నాడు. తెర మీద నాకు కనిపించినవి బూడిదరంగు కాంక్రీటు గోడలు, నేల మీద సుద్దతో గీసిన గీతలు, పైనుండి వ్రేలాడుతున్న రేకు గొట్టములు, ఒక మూల గుర్రుమంటున్న ఇనుప పెట్టె. ఆ సుద్ద గీతల నడుమ నిలబడి వాడు చేతులు చాచి, ఇక్కడ మంచము, ఇక్కడ బాత్రూము, ఆ ప్రక్కన పిల్లలకు సినిమా తెర, మెట్ల క్రింద దేవుని గూడు అని చూపించాడు. చివరకు "గోడలకు ఏ రంగు వేయమంటావు?" అని అడిగాడు.

నేను రంగు చెప్పలేదు. "అక్కడి గాలిని పరీక్ష చేయించినావా?" అని అడిగాను. వాడు నవ్వాడు.

ఆ నవ్వు మొదలు గది పూర్తి అయ్యేవరకు ఏడాది పట్టింది. అందులో కొన్ని వారములు తండ్రీకొడుకులకు మాటలు కూడ లేవు. ఇంటి గొడవ మీకెందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది పిల్లలు కూడ న్యూజెర్సీలోనో, పెన్సిల్వేనియాలోనో, మిషిగన్‌లోనో ఇళ్ళు కొనుక్కొని ఉంటారు. రేపో మాపో ఫోను పట్టుకొని మెట్లు దిగి మీకూ ఒక గది చూపిస్తారు. (టెక్సాస్‌లో ఉన్నవారికి ఈ చింత తక్కువ. అక్కడి ఇళ్ళకు సాధారణముగా బేస్‌మెంట్లు ఉండవు.)

మన సదుం వైపు ఇళ్ళకు బేస్‌మెంటు ఎందుకు లేదు, అక్కడ ఎందుకు ఉంది? చలిదేశములలో శీతకాలమున నేలలోని నీరు కొంత లోతు వరకు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నేల ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది. కనుక ఆ లోతు దాటి పునాది వేయవలసి ఉంటుంది. ఎలాగూ అంత త్రవ్విన తరువాత మరి కొంచెము త్రవ్వితే ఒక అంతస్తే దొరుకుతుంది. వేడి పుట్టించే ఫర్నేసు, వాటర్ హీటరు, పాత సామానులు ఉంచుకొనుటకు కట్టుకున్న చోటు అది. కుటుంబము పెరిగి, పైన గదులు చాలక, దానికి గోడలు కట్టి, తివాచీ పరచి, "ఫినిష్డ్ బేస్‌మెంటు" అని పేరు పెట్టి మనుషులను దించుట తరువాత వచ్చిన అలవాటు. ఫర్నేసుకు కట్టిన గదిలో మనిషి ఎనిమిది గంటలు నిద్రపోవాలంటే ఏమేమి మారవలెనన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు రంగుతో సంబంధము లేదు.

నేల క్రింది గాలి గురించి నాకు మొదటి పాఠము చెప్పినది వైద్య కళాశాల కాదు, మా జేజి. నా చిన్నతనములో మా ఇంటి వెనుక రాగుల పాతర ఉండేది. మెడ సన్నముగా, కడుపు విశాలముగా, కూజా ఆకారములో నేలలో త్రవ్వి, లోపల వరిగడ్డి పరచి, రాగులు నింపి, బండ మూసి మట్టితో మెత్తేవారు. కరవు నెలలలో దానిని తెరిచేవారు. తెరిచిన రోజున ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. మరునాడు తాడుకు దీపము కట్టి లోపలికి దించేవారు. దీపము ఆరితే మరొక రోజు ఆగవలసినదే. "దీపానికి లేని ఊపిరి నీకు యాడనుంచి వస్తుందిరా" అనేది జేజి.

ధాన్యము కూడ ఊపిరి పీల్చే వస్తువు. అది, దానిని పట్టిన బూజు, పాతరలోని ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. గాలి కంటె బరువైన ఆ వాయువు అడుగున నిలుస్తుంది. అది పది శాతము దాటిన గాలిలో మనిషికి కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పుతుంది. నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ఒక పల్లె నుండి ఇద్దరిని ఎడ్లబండిలో తెచ్చారు. ఒకడు పాతరలోకి దిగాడు, రెండవవాడు వాడిని తీయుటకు దిగాడు. ఇద్దరికీ నేను చేయగలిగినది ఏమీ లేకపోయింది. ఆ రోజు దీపము ఎందుకు దించలేదని అడిగితే, పోయిన సంవత్సరము ఏమీ కాలేదు కదా అని ఒక పెద్దాయన అన్నాడు. ఆ మాట నాకు నేటికీ గుర్తు.

ఇక గాలి, వెలుతురు మందుగా పనిచేస్తాయని కళ్ళారా చూచినది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరములో. 1915లో క్షయ రోగుల కొరకు వెలసిన ఆ శానటోరియమునకు డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ తొలి అధిపతి. మా పెద్దనాయన అక్కడ ఉన్నప్పుడు మా నాయన చేయి పట్టుకొని వెళ్ళేవాడిని. అప్పటికి క్షయకు మందులు వచ్చాయి. అయినా వరండాలలో వరుసగా మంచములు, కొండగాలి, ఎండ, ఇవి మాత్రము మానలేదు. అటువంటి చోటును చూచి పెరిగినవాడిని నేల క్రింద పడుకోమంటే మనసు ఒప్పుకొనదు. అయితే మనసు ఒప్పుకోకపోవుట వైద్య కారణము కాదు. వైద్య కారణము వేరుగా ఉంది.

మా అబ్బాయి ఇల్లు పెన్సిల్వేనియా రాష్ట్రములో, చెస్టర్ కౌంటీలోని ఎక్స్‌టన్ అనే ఊరిలో ఉంది. మన తెలుగువారు ఆ వైపు చాలామంది. అక్కడికి ఎంతో దూరము లేని బోయర్‌టౌన్ వద్ద స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు ఉండేవాడు. లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రములో పని. 1984 డిసెంబరులో ఆ కేంద్రపు ద్వారము వద్ద రేడియోధార్మికతను పసిగట్టే యంత్రము అతనిని చూచి మ్రోగసాగింది. ప్రతిరోజూ కడిగి, తుడిచి పంపించారు. ఒకనాడు అతడు పనిలోకి పోక ముందే యంత్రము మ్రోగింది. అనగా ఆ ధూళి కేంద్రము నుండి ఇంటికి పోవడము లేదు, ఇంటి నుండి కేంద్రమునకు వస్తున్నది. ఇల్లు పరీక్షించగా గాలిలో లీటరుకు సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ కనిపించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ మోతాదు దాటితే సరిచేయించుకోమని చెప్పే హద్దు 4. ఇళ్ళలో రేడాన్‌ను ఆ దేశము తీవ్రముగా పట్టించుకోవడము ఆ సంఘటనతో మొదలైంది.

రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రాళ్ళలోను, మట్టిలోను స్వల్పముగా ఉండే యురేనియము క్షయిస్తూ రేడియముగా, ఆ రేడియము రేడాన్‌గా మారుతుంది. వాయువు గనుక నేల నెర్రెల గుండా పైకి వస్తుంది. మన సదుం గుట్టలన్నీ గ్రానైటే, మన నేలలోనూ అది పుడుతుంది. అయితే మన ఇళ్ళు నేలకు పైన ఉంటాయి, ఏడాదిలో అధిక భాగము తలుపులు తెరిచి ఉంటాయి. అక్కడ చలికాలమంతా కిటికీలు బిగించి ఉంటాయి. లోపల వెచ్చబడిన గాలి పైకి లేచి కప్పు సందుల నుండి పోతూ ఉంటే, ఆ లోటు పూడ్చుటకు ఇల్లు క్రింది నుండి నేలగాలిని పీలుస్తుంది. పొగగొట్టము పనిచేసే తీరే ఇది. ఆ నేలగాలి మొదట చేరే చోటు బేస్‌మెంటు.

రేడాన్ సగము క్షయించుటకు మూడు రోజుల 20 గంటలు పడుతుంది. దాని నుండి పుట్టే పొలోనియము వంటి ఘన పదార్థములు ధూళికి అంటుకొని శ్వాసనాళముల గోడల మీద వాలుతాయి, అక్కడ ఆల్ఫా కణములను విడుస్తాయి. ఆల్ఫా కణము కాగితమును కూడ దాటలేదు. చర్మము మీద పడితే పెద్ద హాని లేదు. కాని శ్వాసనాళపు పొర కాగితము కంటె పలుచన, దాని క్రింద ఉన్నవి జీవకణములు. వాటిలోని జన్యుపదార్థము తెగి, తప్పుగా అతుక్కుంటే, ఇరవై ముప్పై ఏళ్ళకు పుట్టేది క్యాన్సరు. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములకు రేడాన్ కారణమని ఆ దేశపు సంస్థ అంచనా. పొగత్రాగుట తరువాత స్థానము దీనిదే. ఆ సంస్థ లెక్కలోనే, ఏనాడూ పొగత్రాగని వేయిమంది 4 పికోక్యూరీల గాలిలో జీవితమంతా గడిపితే సుమారు ఏడుగురికి, పొగత్రాగేవారు వేయిమంది గడిపితే సుమారు 62 మందికి ఈ క్యాన్సరు రాగలదు. రెండు నిప్పులు కలిసిన చందము అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా కఠినముగా ఘనమీటరుకు 100 బెక్వెరెల్‌ల హద్దును సూచించింది. అమెరికా వారి 4 పికోక్యూరీలు 148 బెక్వెరెల్‌లకు సమానము.

ఇదంతా చెప్పగా మా అబ్బాయి, "నాయనా, ఈడ లక్షల మంది బేస్‌మెంట్లలో ఉండారు. అందరికీ క్యాన్సరు వచ్చిందా?" అన్నాడు. నాకు కోపము రాలేదు. బీడీ త్రాగేవారు నా ఎదుట కూర్చొని దాదాపు నలభై ఏళ్ళు అడిగిన ప్రశ్నే అది. "మా తాత తొంభై ఏండ్లు బీడీ తాగినాడు సామీ" అనేవారు. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందు తెలియదు. పరీక్ష ఉన్నది అందుకే.

పరీక్ష చాల సులువు. బొగ్గుపొడి నింపిన చిన్న డబ్బాను మనుషులు మసలే అన్నిటికంటె క్రింది అంతస్తులో ఉంచి, కిటికీలు మూసి, రెండు నుండి నాలుగు రోజుల తరువాత ప్రయోగశాలకు పంపాలి. ఇల్లు కొన్నప్పుడే చేయించవలసినది. కాని 2021లో అక్కడ ఇళ్ళ కొరకు పోటీ ఎంతగా ఉన్నదంటే, తనిఖీలన్నీ వదులుకున్నవారికే ఇల్లు దక్కేది. మావాడూ వదులుకున్నాడు. నవంబరులో నా పోరు పడలేక డబ్బా తెప్పించి పెట్టాడు. ఫలితము 11.2. ఆ రోజు వాడు ఫోనులో ఏమీ అనలేదు. ఎందుకంటే మా మనవరాలు అప్పటికే రెండేళ్ళుగా ఆ బేస్‌మెంటులోనే సైకిలు త్రొక్కుతున్నది.

పెన్సిల్వేనియా పర్యావరణ శాఖ వారు తమ రాష్ట్రపు ఇళ్ళలో సుమారు 40 శాతము ఈ హద్దును దాటి ఉన్నాయంటారు. అంటే ఇది ఆ ఇంటికి పట్టిన శాపము కాదు, ఆ నేల గుణము. దానికి చికిత్స ఉంది, కష్టమైనది కూడ కాదు. నేల కాంక్రీటుకు ఒక రంధ్రము చేసి, దాని క్రింది కంకర పొరలోకి ప్లాస్టిక్ గొట్టము దించి, ఆ గొట్టమును ఇంటి కప్పు పైదాక తీసుకుపోయి, ఒక ఫ్యాను బిగిస్తారు. గదిలోకి రావలసిన వాయువును ఆ ఫ్యాను నేల క్రిందనే పీల్చి ఆకాశములోకి వదులుతుంది. నెర్రెలను, సంప్ గుంతను మూసివేస్తారు. మావాడికి 1,400 డాలర్లు అయింది. గోడలు, తివాచీ వేసిన తరువాత చేయించి ఉంటే ఖర్చు ఎక్కువ, మొగము చిట్లించుకొనుట అంతకంటె ఎక్కువ. ఫ్యాను పెట్టిన తరువాత మరల పరీక్షిస్తే 1.3 వచ్చింది. ఇల్లు సున్నా కాదు, బయటి గాలిలోనూ కొంత రేడాన్ ఉంటుంది.

ఇక్కడితో నేను ఊరుకొని ఉంటే అందరికీ బాగుండేది. కాని వసంతకాలపు వానలు ఒకమారు పడి వెలిసేదాకా గోడలు కట్టవద్దన్నాను. పని ఒప్పుకున్న మేస్త్రీ, మన తెలుగువాడే, ఆ మాటకు అలిగి వేరే పనికి పోయాడు. పోతూ పోతూ, పర్మిట్ తీసుకోకుండా చేస్తే పన్ను పెరగదని సలహా కూడ ఇచ్చి పోయాడట. ఈ సలహా మనవారిలో బాగా చెలామణిలో ఉంది. పన్ను సంగతి నాకు తెలియదు గాని, పర్మిట్ అనగా గోడ మూసే ముందు ఒక అధికారి వచ్చి లోపలి తీగలను, చట్రమును, కిటికీని చూచుట. శస్త్రచికిత్స చేసి కుట్లు వేసే ముందు మరొక డాక్టరు వచ్చి, లోపల దూది మరచిపోలేదు కదా అని చూచుట వంటిది అది. దానిని తప్పించుకొనుట ఎవరికి లాభము? ఆ మేస్త్రీ పోవడమే మేలయింది.

కాంక్రీటు చూచుటకు రాయివలె ఉంటుంది గాని, నీటిని ఒత్తివలె పీలుస్తుంది. నేల మీద ఒక ప్లాస్టిక్ కాగితమును నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచమన్నాను. దాని క్రింద చెమట పట్టింది. దాని మీద తివాచీ పరిస్తే, ఆ తివాచీ అడుగున బూజు, దుమ్ము పురుగులు స్థిరనివాసము ఏర్పరచుకుంటాయి. మనవరాలికి ఐదవ ఏట నుండి ఉబ్బసము ఉంది. నేను ఆ దేశములో చూచిన తెలుగు ఇళ్ళలో ఐదారు బేస్‌మెంట్లు చాల ఖరీదైనవి. తోలు కుర్చీలు, గోడంత తెర, పాప్‌కార్న్ యంత్రము. మెట్లు సగము దిగగానే తడి గోనెసంచి వాసన. ఆ ఇంటివారికి అది తెలియదు, ముక్కు ఏ వాసనకైనా త్వరగా అలవాటు పడుతుంది. అతిథి చెప్పవలెను, కాని అతిథి మర్యాదకు చెప్పడు. నేను ఒకచోట చెప్పాను. మరల పిలవలేదు.

మా ఇంటి చెమటకు మూలము విచిత్రముగా క్రింద లేదు, పైన ఉంది. కప్పు మీది వాననీరు దింపే గొట్టము పునాది ప్రక్కనే వదిలి ఉంది. దానిని ఆరడుగులు దూరము జరిపి, పునాది చుట్టూ మట్టి బయటివైపు వాలేటట్లు పోయగా చాల భాగము తగ్గింది. మిగిలిన దానికి గాలిలో తేమను పీల్చే యంత్రము పెట్టి, తేమ 50 శాతము దాటకుండ చూస్తున్నారు. నేలకు తివాచీ బదులు పలకలు వేశారు. ఒకవేళ నీరు వచ్చినా ఒకటి రెండు రోజులలోపల ఆరబెట్టగలిగితే బూజుకు అవకాశము తక్కువ. తివాచీ అంత త్వరగా ఆరదు.

ఆ మూల గుర్రుమంటున్న ఇనుప పెట్టె సంగతి చెప్పలేదు. అది గ్యాసుతో మండే ఫర్నేసు. దాని ప్రక్కన గ్యాసు వాటర్ హీటరు. అందముగా ఉండదని వాటిని చిన్న అల్మరావంటి గదిలో బిగించాలని తొలి పథకము. మంటకు గాలి కావాలి. గాలి చాలకపోతే పొగగొట్టము గుండా పోవలసిన వాయువులు వెనుకకు మరలి ఇంట్లోకి వస్తాయి, వాటిలో కార్బన్ మొనాక్సైడ్ ఉంటుంది. మనకు ఇది కొత్త కాదు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకొని ప్రాణములు పోగొట్టుకున్నవారి వార్తలు ప్రతి చలికాలము చదువుతున్నాము. మన వైపు మార్గశిర పుష్యమాసముల చలికి బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసే ఆచారము నా కాలములో బలముగా ఉండేది. తెల్లవారి తలనొప్పి, వాంతులని వచ్చేవారు, ఆసుపత్రి వరండాలో కూర్చోగానే సగము నయమయ్యేది. ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ విషవాయువు పీల్చినవారి వ్రేలికి మనము ఇళ్ళలో వాడే ఆక్సిమీటరు తగిలిస్తే అది 98 అని చూపి మోసము చేయగలదు. ప్రాణవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌కు, మొనాక్సైడ్ పట్టుకున్న దానికి ఆ పరికరము తేడా చూడలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేమారు తలనొప్పి వచ్చి, బయటికి పోతే తగ్గితే, పరికరమును నమ్మక తలుపులు తెరిచి బయటపడండి. ఫర్నేసు గదికి గాలి పోయే జాలి తలుపు పెట్టించాము, ప్రతి అంతస్తులోను మొనాక్సైడ్ అలారము బిగించారు.

పొగను పసిగట్టే అలారముల విషయములో మనవారికి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. సత్యనారాయణ వ్రతమునాడు కర్పూరము, సాంబ్రాణి పొగకు మ్రోగుతుందని దానికి ప్లాస్టిక్ సంచి తొడుగుతారు. వ్రతము అయిపోతుంది, ప్రసాదము అయిపోతుంది, సంచి మాత్రము ఉండిపోతుంది. మా ఇంట్లో ఆ సంచి ఏడు నెలలు ఉన్నది.

మే నెలలో మేము ఇద్దరము ఎక్స్‌టన్ చేరుకున్నాము. మా గది గోడలు లేచాయి. కిటికీ పెట్టారు. అక్కడి నిబంధన ప్రకారము బేస్‌మెంటులో పడకగది కావాలంటే మెట్లు గాక బయటపడుటకు మరొక దారి తప్పనిసరి. కిటికీ అయితే దాని తెరుపు కనీసము 5.7 చదరపు అడుగులు, ఎత్తు 24 అంగుళములకు, వెడల్పు 20 అంగుళములకు తగ్గరాదు, దాని అంచు నేలకు 44 అంగుళములకు మించి పైన ఉండరాదు. (24ను 20తో గుణించి చూడండి, 5.7 అడుగులు రావు. రెండు కొలతలూ కనిష్ఠములో పెడితే చెల్లదు. ఇది మేస్త్రీలు కూడ పొరబడే చోటు.) కిటికీ బయట నేలలో గుంత, గుంతలో నిచ్చెన. అగ్నిమాపక దళము వాడు వీపున గాలి సిలిండరుతో దూరి రావడానికి కూడ సరిపోవాలని ఈ కొలతలు. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను శేషము న్యూయార్క్ నగరము మీద కురిసినప్పుడు బేస్‌మెంటు ఇళ్ళలో 11 మంది మునిగి మరణించారు. నీటి ఒత్తిడికి తలుపు లోపలి నుండి తెరుచుకొనదు.

కొత్త మేస్త్రీ చక్కగా చేశాడు, అధికారి వచ్చి చూచి సంతకము పెట్టాడు. మా అబ్బాయి మొగములో గెలిచిన కాంతి. "ఇంక ఏమన్నా ఉందా నాయనా?" అన్నాడు.

ఆ రాత్రి దీపములు ఆర్పి, గడియారము పెట్టుకొని, నేను ఆ కిటికీ గుండా బయటికి పోయే ప్రయత్నము చేశాను. నాకు 74 ఏళ్ళు. కుర్చీ వేసుకొని, మోకాలు గీచుకొని, గుంతలో పడినట్లుగా దిగి, నిచ్చెన ఎక్కి పచ్చిక మీదికి చేరేసరికి దాదాపు రెండు నిమిషములు పట్టింది. తరువాత మా ఆవిడ వంతు. ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగాయి. కుర్చీ మీద ఒక పాదము పెట్టి, కిటికీ అంచు పట్టుకొని, కొంతసేపు అలాగే నిలబడి, దిగిపోయింది. "ఇది ఎక్కేది నా వల్ల కాదబ్బా. నిప్పు అంటుకుంటే మీరు పోండి, నేను ఈడనే కూర్చొని రామా అనుకుంటా" అన్నది. నవ్వుతూనే అన్నది. మా అబ్బాయి నవ్వలేదు.

నిబంధన కొలిచినది కిటికీని. మా ఆవిడ మోకాళ్ళను కొలవలేదు, కొలవలేదు కూడ. ముందు ఈ సంగతి నాకు తోచి ఉండవలసినది, డాక్టరును గదా. గాలిని, నీటిని, మంటను లెక్కపెట్టి, పగలు పదమూడు మెట్లు ఆమె ఎలా దిగుతుందో, రాత్రి బాత్రూము వెతుక్కుంటూ ఎలా లేస్తుందో లెక్కపెట్టలేదు. "మీ కోసమే కదా నాయనా ఇదంతా చేసింది" అని వాడు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. తరువాత రెండు వారములు ఇంట్లో భోజనముల వేళ గరిటెల చప్పుడే.

దారి చూపినది మా కోడలు. అమెరికా ఇళ్ళలో వీధి గుమ్మము దగ్గర ప్రత్యేకముగా ఒక భోజనాల గది ఉంటుంది. మన వారు ఏడాదికి రెండుమార్లు కూడ అందులో కూర్చొనరు, వంటింటి బల్ల దగ్గరనే తింటారు. "మామయ్యా, ఆ బల్ల తీసేసి ఇక్కడ మంచం వేస్తే?" అన్నది. ఆ గదికి తలుపు పెట్టారు. ప్రక్కనే ఉన్న చిన్న మరుగుదొడ్డి గదిని పెంచి షవరు, పట్టుకొనుటకు గోడకు ఇనుప కడ్డీ పెట్టారు. దానికై బేస్‌మెంటు బాత్రూమునకు దాచిన డబ్బు ఖర్చయింది. క్రింద బాత్రూము లేదు. సుద్ద గీతలతో నాకు చూపిన గది ఇప్పుడు పిల్లల ఆటగది. కిటికీ వాళ్ళకు సరిపోయింది. మనవడు నిచ్చెన ఎక్కి పచ్చిక మీదికి రావడానికి పదకొండు సెకండ్లు, నేనే లెక్కపెట్టాను.

మన ఊళ్ళలో బేస్‌మెంట్లు లేవు కదా అని మీరు అనుకోవచ్చు. హైదరాబాదు, తిరుపతి, బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో సెల్లారు ఉంది. కార్ల నడుమ రేకు అడ్డము పెట్టుకొని అందులో కాపురముండేది మన పల్లెల నుండి వెళ్ళిన వాచ్‌మన్ కుటుంబమే. వారికి రెండవ దారి లేదు, అలారము లేదు. కరెంటు పోతే జనరేటరు పొగ ముందు వారికే. 2023 మే నెలలో హయత్‌నగర్‌లో పార్కింగు స్థలములో నిద్రిస్తున్న మూడేళ్ళ పాప మీదుగా కారు పోయింది. 2024 జులై 27న ఢిల్లీలో ఒక కోచింగు సంస్థ నేలమాళిగలోని గ్రంథాలయములో వాననీరు చేరి ముగ్గురు విద్యార్థులు మరణించారు. మీ అపార్ట్‌మెంటు సంఘపు సమావేశములో లిఫ్టు గురించి మాట్లాడుకున్న తరువాత ఐదు నిమిషములు క్రిందికి దిగి, వాచ్‌మన్ మంచము ఎక్కడ ఉన్నదో చూడండి.

రేడాన్ గొట్టమునకు ఆంగ్ల యు ఆకారములో ఒక సన్నని గాజు నాళము తగిలించి ఉంటుంది. అందులో ఎర్ర ద్రవము. ఫ్యాను పీలుస్తున్నంతసేపు ఆ ద్రవము ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా నిలుస్తుంది. మేము తిరిగి సదుం వచ్చే ముందు మనవరాలిని దాని ఎదుట నిలబెట్టి మా జేజి దీపము కథ చెప్పాను. వారమునకు ఒకమారు చూచే పని తనదన్నాను. మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి, మేము పడుకున్న తరువాత, ఫోను మ్రోగింది. "తాతా, ఎర్ర నీళ్ళు రెండు వైపులా సమానంగా ఉన్నాయి." ఫ్యాను ఆగిపోయింది. మావాడు ఆ వారములోనే కొత్తది వేయించి, మరల డబ్బా పెట్టాడు. 1.4 అని నిన్న సందేశము పంపాడు.